డిమెన్షియా ఉన్న మనిషి మీదికి వస్తుంటే సాయం ఎవరిని, ఎలా అడగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దాయనకి మతిమరుపు జబ్బు వచ్చిందని నలుగురితో చెప్పుకోగలం. ఆయన చెయ్యి చేసుకుంటున్నారని మాత్రం నోరు విప్పి చెప్పలేం. డాక్టర్‌కి కూడా చెప్పం. పరువు పోతుందని కొందరు, కన్నతండ్రి మీద చాడీలు చెప్పినట్టవుతుందని కొందరు ఊరుకుంటారు. కుటుంబాల వాళ్ళు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్ని ఇక్కడ ఉన్నాయి. వరసగా చదవక్కర్లేదు. మార్పు ఈ రెండు మూడు రోజుల్లోనే వచ్చి ఉంటే మాత్రం ముందు మూడో ప్రశ్న చూడండి.

1. మా నాన్న జన్మలో ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు చెయ్యెత్తుతున్నారు. ఇది జబ్బేనా, కావాలని చేస్తున్నారా?

జబ్బే. డిమెన్షియాలో పోయేది జ్ఞాపకం ఒక్కటే అనుకుంటాం. కోపాన్ని దిగమింగుకోవడం, ఎదుటివాళ్ళ మొహం చూసి ఉద్దేశం పోల్చుకోవడం, తన బాధని మాటల్లో చెప్పడం కూడా మెదడు చేసే పనులే. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే రకంలోనైతే మతిమరుపు కన్నా ముందే ప్రవర్తన మారిపోతుంది. అది చాలామందిలో 45, 65 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఆ వయసులో జబ్బన్న ఆలోచనే రాక, మనిషి చెడిపోయాడనుకుంటారు.

ఆయన వైపు నుంచి చూడండి. ఎదురుగా ఉన్నది కూతురని ఆ నిమిషంలో ఆయనకి తెలియదు. ఎవరో ఒకావిడ గదిలోకి వచ్చి చొక్కా గుండీలు విప్పబోతోంది. చెయ్యి విదిలించి కొట్టడంలో వింతేముంది?

ఒక మాట. ఆ మనిషి జబ్బుకి ముందు కూడా ఇంట్లోవాళ్ళని కొట్టేవాడైతే, అది కూడా డాక్టర్‌కి చెప్పాలి. అన్నిటినీ జబ్బు ఖాతాలో వేసి ఓర్చుకోవాలన్న నియమం ఏదీ లేదు.

2. ఎంతవరకు ఇంట్లో సర్దుకోవచ్చు? ఎప్పుడు బయటి సాయం అడగాలి?

ఒకసారి అరిచి, మాట మళ్ళిస్తే మర్చిపోయి మామూలైపోతే, రాసి పెట్టుకుని ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు చెబితే చాలు. ఎవరికైనా దెబ్బ తగిలినా, వస్తువులు విసిరినా, తిండీ నీళ్ళూ మందులూ దగ్గరికి రానివ్వకపోయినా, రాత్రుళ్ళు ఇంటిల్లిపాదికీ నిద్ర లేకపోయినా ఆ వారంలోనే ఫోన్ చేయండి. ఇంట్లో చిన్నపిల్లలున్నా, చూసుకునేది కూడా వయసు మళ్ళిన భార్యో భర్తో అయినా ఇంకా ముందే చేయాలి.

ఆయన గదిలోకి వెళ్ళడానికి మీకు భయమేస్తోందా? నా దృష్టిలో అన్నిటికన్నా నికరమైన కొలత ఇదే. వేస్తోంది అంటే ఇక ఆగకూడదు.

3. మొన్నటిదాకా బాగానే ఉన్నారు. రెండు రోజుల్లో మనిషే మారిపోయారు. డిమెన్షియా ముదిరిందా?

డిమెన్షియా మామూలుగా అంత వేగంగా ముదరదు. గంటల్లోనో రోజుల్లోనో మనిషి తారుమారైతే దాన్ని డెలీరియం అంటారు. ఒంట్లో ఇంకెక్కడో తేడా చేసి, అది మెదడు మీద చూపిస్తుంది. ఒక గంట తెలివిగా మాట్లాడతారు, మరో గంటకి ఎక్కడున్నారో తెలియదు. కొందరు రెచ్చిపోతారు, కొందరు మగతగా పడి ఉంటారు. చెప్పేది చివరిదాకా వినలేకపోవడం పెద్ద గుర్తు.

మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీళ్ళు తగ్గడం, రోజుల తరబడి విరేచనం కాకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, షుగర్ పడిపోవడం ఎక్కువగా కనిపించే కారణాలు. పెద్దవాళ్ళలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఈమధ్య ఎక్కడైనా పడ్డారేమో గుర్తు తెచ్చుకోండి. తలకి చిన్న దెబ్బే అనుకున్నది కొన్ని వారాల తర్వాత పుర్రె లోపల రక్తం చేరి బయటపడవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ.

కొత్తగా మొదలుపెట్టిన మందు కూడా కారణం కావచ్చు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, మూత్రం ఆపుకోలేనివాళ్ళకి రాసే ఆక్సీబ్యుటినిన్, నరాల నొప్పికి వాడే ఎమిట్రిప్టిలిన్ మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిచేయకుండా అడ్డుపడతాయి. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన ఆల్జీమర్స్‌లో అది ముందే తక్కువ. దాన్ని కాస్త పెంచడానికే డొనెపెజిల్ లాంటి మందులు ఇస్తారు. ఒక మాత్ర ఎక్కిస్తుంటే ఇంకో మాత్ర దించుతుందన్నమాట.

డాక్టర్ ఎంత తొందరగా చూస్తారన్నది ఫోన్లో మీరు వాడే మాటల మీద కూడా ఆధారపడి ఉంటుంది. “మతిమరుపు ఎక్కువైంది, గొడవ చేస్తున్నారు” అంటే వచ్చే నెల అపాయింట్‌మెంట్ ఇవ్వచ్చు. “మొన్న మధ్యాహ్నం నుంచి ఉన్నట్టుండి మారిపోయారు, ఆయన మామూలుగా ఇలా ఉండరు, డెలీరియం అని అనుమానంగా ఉంది” అంటే అదే రోజు చూడాల్సిన కేసని అవతలివాళ్ళకి అర్థమవుతుంది. మూతి వంకర పోయినా, ఒక చెయ్యో కాలో పడిపోయినా, లేపితే లేవకపోయినా ఫోన్ సంప్రదింపులు మానేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

4. ముందు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?

ఎప్పుడూ చూసే డాక్టర్ దగ్గరికే. ఒంట్లో ఏముందో తేల్చాక పై నిపుణుల దగ్గరికి పంపిస్తారు. వృద్ధుల వైద్యంలో నిపుణులైన జెరియాట్రీషియన్ మందులన్నీ ఒకచోట పెట్టి చూస్తారు. ఎనిమిది రకాల మాత్రలు మింగే మనిషికి అది పెద్ద మేలు. ఏ రకం డిమెన్షియా అన్నది న్యూరాలజిస్ట్ తేలుస్తారు. అనుమానాలు, భ్రమలు, కొట్టడం, నిద్ర లేకపోవడం ముదిరితే సైకియాట్రిస్ట్ కావాలి. వృద్ధుల కేసులు చూసే సైకియాట్రిస్ట్ దొరికితే మరీ మంచిది. “సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే పిచ్చి అంటారు” అని వెనకాడి ఏడాది గడిపేసే కుటుంబాలున్నాయి. ఆ ఏడాదంతా దెబ్బలు తిన్నది ఎవరో చెప్పక్కర్లేదు.

డాక్టర్లు కాని వాళ్ళ సాయం తక్కువ అనుకోకండి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఇంటికొచ్చి గది, బాత్రూమ్, రోజువారీ పద్ధతి చూసి ఏం మార్చాలో చెబుతారు. డిమెన్షియాలో తర్ఫీదు ఉన్న నర్సు చెప్పే చిట్కా ఒక్కోసారి మాత్ర కన్నా బాగా పనిచేస్తుంది. డే కేర్, అటెండెంట్, ఆర్థిక సాయం లాంటివి ఎక్కడ దొరుకుతాయో సోషల్ వర్కర్‌కి తెలుస్తుంది.

5. డాక్టర్ ముందు బుద్ధిగా కూర్చుని నవ్వుతూ మాట్లాడతారు. ఇంటికి రాగానే మొదలు. ఎలా నమ్మించాలి?

దీని గురించి ప్రతి కుటుంబమూ మొత్తుకుంటుంది. కొత్త చోట, కొత్త మనిషి ముందు పావుగంట సేపు కూడగట్టుకుని మామూలుగా ఉండటం డిమెన్షియా ఉన్న చాలామందికి చేతనవుతుంది. అనుభవమున్న డాక్టర్‌కి ఇది తెలుసు. అయినా మీ చేతిలో కాగితం ఉంటే మాటకి బలం.

“రోజూ కొడుతున్నారు” అని రాస్తే దాంతో డాక్టర్ చేయగలిగేది పెద్దగా ఉండదు. ఇలా రాయండి: “మంగళవారం సాయంత్రం 5:40. టీవీ గట్టిగా పెట్టి ఉంది. స్నానానికి లేవమన్నాను, లేవలేదు. రెండోసారి మోచెయ్యి పట్టుకుని లేపబోయాను. మొహం చిట్లించి నా భుజం మీద కొట్టారు. టీవీ కట్టేసి బయటికి వెళ్ళాను. పది నిమిషాల తర్వాత మామూలుగా ఉన్నారు. విరేచనమై మూడు రోజులైంది.” ఈ నాలుగు ముక్కల్లో డాక్టర్‌కి చాలా దొరుకుతుంది. సాయంత్రం వేళ, చప్పుడు, మలబద్ధకం కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, పట్టుకుంటే మొహం చిట్లించిన ఆ మోచెయ్యి. అక్కడ నొప్పి ఉందేమో చూడాలి. ముందు ఏం జరిగింది, ఏం చేశారు, తర్వాత ఏమైంది అన్న ఈ వరసనే నిపుణులు కూడా వాడతారు. ఒక వారం, పది రోజులు రాస్తే చాలు.

ఆయన ఎదురుగా ఇవన్నీ ఏకరువు పెడితే అవమానం, తర్వాత ఇంట్లో ఇంకో గొడవ. ముందుగానే కాగితం పంపించండి, లేదా డాక్టర్‌తో విడిగా అయిదు నిమిషాలు అడగండి. ఫోన్లో చిన్న వీడియో తీసి చూపించడమూ పనికొస్తుంది. అది డాక్టర్‌కి చూపించడానికే. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కాదు.

6. డాక్టర్ దగ్గరికి రానే రానంటున్నారు.

“మీకు బుర్ర పనిచేయట్లేదు, చూపించుకోవాలి” అంటే ఎవరొస్తారు? బీపీ చూపించుకుందామనో, కాళ్ళ నొప్పులకనో ఆయన ఒప్పుకునే కారణం చెప్పండి. ఉదయం పూట, ఆయన హుషారుగా ఉండే వేళకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇంటికొచ్చే డాక్టర్ ఉన్నారేమో, వీడియో కాల్‌లో చూస్తారేమో కనుక్కోండి. ఏదీ కుదరకపోతే మీరొక్కరే వెళ్ళండి. రోగి వివరాలు మీకు చెప్పడానికి డాక్టర్‌కి కొన్ని హద్దులుండవచ్చు గానీ, మీరు చెప్పేది వినడానికి ఏ హద్దూ లేదు.

7. ఏ పరీక్షలు చేస్తారు?

రక్తం, మూత్రం, షుగర్, సోడియం, కిడ్నీ, థైరాయిడ్, బీ12. అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, తల స్కాన్. చెవులు, కళ్ళు, పళ్ళు చూడమని మీరే గుర్తు చేయండి. చెవిలో గులిమి గడ్డకట్టి వినపడక, కళ్ళలో శుక్లాలు ముదిరి మనుషుల్ని పోల్చుకోలేక కోప్పడేవాళ్ళు తక్కువేం కాదు. మందుల చీటీలే కాదు, కొట్లో సొంతంగా కొన్న మాత్రలు, ఆకు మందులు కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి.

8. నొప్పి ఉంటే చెబుతారు కదా?

మొదట్లో చెబుతారు. జబ్బు ముదిరాక “నొప్పి” అన్న మాటే దొరకదు. అడిగితే లేదనే అంటారు, తిప్పబోతే కొడతారు. అందుకే నిపుణులు మాటలు నమ్ముకోకుండా ఊపిరి తీరు, మూలుగు, మొహం, ఒంటి బిగువు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా అన్న అయిదు గుర్తులు చూసి మార్కులు వేస్తారు. ఆ కొలతని పెయినాడ్ అంటారు.

నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో, డిమెన్షియాతో పాటు అలజడి కూడా ఉన్న 352 మంది మీద చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. ఒక బృందానికి నొప్పి తగ్గించే మందులు ఒక పద్ధతి ప్రకారం ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసెటమాలే. ఎనిమిది వారాల్లో ఆ బృందంలో అలజడి గుర్తించదగినంత తగ్గింది. కాబట్టి మతి మీద పనిచేసే మందు గురించి మాట్లాడే ముందు “నొప్పి ఉందేమో చూశారా?” అని అడగండి. మోకీళ్ళ అరుగుదల, పుచ్చిన పన్ను, నడుము మీద పుండు, కాలి వేలిలోకి దిగిన గోరు, ఏదైనా కావచ్చు.

9. ఏదో ఒక మాత్ర ఇచ్చి పడుకోబెట్టవచ్చు కదా?

అలిసిపోయిన మనిషి నోటి నుంచి ఈ మాట రావడం సహజం. కానీ “ఏదో ఒకటి రాయండి డాక్టర్ గారూ” అని ఒత్తిడి చేస్తే ఏదో ఒకటే రాస్తారు.

కొట్టడం, భ్రమలు తీవ్రంగా ఉన్నప్పుడు వాడేవి యాంటీసైకోటిక్ మందులు: రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, పాతవాటిలో హాలోపెరిడాల్. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణాల ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొత్తతరం మందుల మీద 2005లో, పాతతరం వాటి మీద 2008లో అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక వేయించింది. దానికి ఆధారమైన అధ్యయనాల్లో, సుమారు పది వారాల వ్యవధిలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 2.6 శాతం మంది చనిపోతే, మందు తీసుకున్నవాళ్ళలో 4.5 శాతం మంది చనిపోయారు. పక్షవాతం, పడిపోవడం, మగత, ఒళ్ళు బిగుసుకుపోవడం కూడా ఉన్నాయి. ఇన్ని భరించినా కలిగే మేలు ఓ మోస్తరే. ఆల్జీమర్స్‌లో అలజడికని 2023 మేలో అక్కడ అనుమతి పొందిన బ్రెక్స్‌పిప్రజోల్ మీద కూడా అదే హెచ్చరిక ఉంది.

అలాగని అసలు వాడకూడదనీ కాదు. రోజూ దెబ్బలు తగులుతున్నప్పుడు, లేనివి కనిపించి ఆయన భయంతో వణికిపోతున్నప్పుడు, మిగతా దారులన్నీ చూశాక, చిన్న మోతాదులో కొన్నాళ్ళు వాడటం సబబే. రాయించుకునేటప్పుడు అడగాల్సింది: దేన్ని తగ్గించడానికి ఇస్తున్నారు, ఎప్పుడు మళ్ళీ చూస్తారు, ఎప్పుడు ఆపుతారు. నాలుగు వారాల్లో గుణం లేకపోతే తగ్గిస్తూ ఆపేయాలని, గుణం ఉన్నా నాలుగు నెలల్లోపు తగ్గించి చూడాలని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎప్పుడో ఆసుపత్రిలో మొదలుపెట్టిన మందు, ఎందుకిచ్చారో ఎవరికీ గుర్తులేకుండా ఏళ్ళ తరబడి నడుస్తూ ఉంటుంది. ఆపేటప్పుడు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి.

లూయీ బాడీ అనే రకం డిమెన్షియా గానీ, పార్కిన్సన్స్ గానీ ఉంటే ఆ సంగతి ప్రతి డాక్టర్‌కీ, ముఖ్యంగా ఎమర్జెన్సీలో, మొట్టమొదట చెప్పండి. వాళ్ళకి హాలోపెరిడాల్ లాంటివి ప్రాణం మీదికి తేవచ్చు. ఒక చీటీ మీద రాసి ఆయన పర్సులో పెట్టండి.

ఇక నిద్రమాత్రలు. అల్ప్రాజోలం, లోరజెపామ్, క్లోనజెపామ్ లాంటివి కొందరిలో శాంతపరచడానికి బదులు ఇంకా రెచ్చగొడతాయి. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడి తుంటి విరగ్గొట్టుకుంటే అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

10. మందు తినే దాంట్లో కలిపి, తెలియకుండా ఇవ్వచ్చా?

డాక్టర్‌ని అడగకుండా వద్దు. కొన్ని మాత్రలు పొడి చేస్తే పనిచేయవు, కొన్ని ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతాయి. ఆయన సమ్మతి సంగతి కూడా ఉంది. డాక్టర్‌కీ ఇంట్లో అందరికీ తెలిసి, రాసి పెట్టుకుని చేయాల్సిన పని అది. ద్రవంగానో, నాలుక మీద కరిగేలాగానో అదే మందు దొరుకుతుందేమో ముందు కనుక్కోండి.

11. స్నానం దగ్గరే గొడవ. మిగతా రోజంతా బాగానే ఉంటారు. దీనికి కూడా నిపుణులు కావాలా?

అలాంటి గొడవని నిపుణులు బాగా తగ్గించగలరు. స్నానం, బట్టలు మార్చడం, మరుగుదొడ్డి పనుల దగ్గరే ఎక్కువ దెబ్బలు పడతాయి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌నో డిమెన్షియా నర్సునో స్నానం వేళకే ఇంటికి రమ్మనండి.

వాళ్ళు చూసేవి మనకి తట్టవు. నేల, గోడ, బకెట్టు అన్నీ ఒకే రంగులో ఉంటే ఎక్కడ అడుగేయాలో ఆయనకి కనపడదు. నెత్తి మీద నుంచి నీళ్ళు దూకితే భయం. ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబెడితే సిగ్గు, చలి. ఇద్దరు పట్టుకుని “త్వరగా, త్వరగా” అంటుంటే ఏదో దాడి జరుగుతోందనిపిస్తుంది. కూర్చోబెట్టి, ఒళ్ళో తువ్వాలు కప్పి, పాదాల నుంచి మొదలుపెట్టి, కడిగే భాగం వరకే తువ్వాలు తొలగించి, తలస్నానం ఇంకో రోజుకి వాయిదా వేస్తే సగం గొడవ ఉండదు. ఆయన చేతికి కూడా ఒక తడిబట్ట ఇస్తే ఆ చేతికి పని దొరుకుతుంది. అమెరికా నర్సింగ్ హోముల్లో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా మనిషిని బట్టి స్నానం పద్ధతి మార్చినప్పుడు, లేదా పడక మీదే వెచ్చటి తడి తువ్వాళ్ళతో ఒళ్ళు తుడిచినప్పుడు, కొట్టడం లాంటివి సగానికి పైగా తగ్గాయి.

రోజూ స్నానం చేయించి తీరాలన్న పట్టుదల కూడా కాస్త సడలించుకోండి. మొహం, చంకలు, కింది భాగం శుభ్రంగా ఉంటే ఒక రోజు మానేసినా ప్రమాదం లేదు.

12. మీదికి వచ్చిన ఆ క్షణంలో ఏం చేయాలి?

వాదించకండి, పట్టుకోకండి. రెండడుగులు వెనక్కి వేసి, ఆయన చెయ్యి అందనంత దూరంలో, కాస్త పక్కకి తిరిగి నిలబడండి. తలుపు మీ వెనక ఉండాలి, ఆయనకి అడ్డంగా మీరు ఉండకూడదు. గొంతు తగ్గించి పొట్టి మాటలు మాట్లాడండి: “సరే. నేను ఆపేశాను.” అలా చెప్పి నిజంగానే ఆపేయండి. టీవీ కట్టేసి, గదిలో ఉన్న నలుగురినీ బయటికి పంపించండి. అవసరమైతే మీరూ వెళ్ళిపోండి. ఆయన ఉన్న గదిలో పదునైనవీ, బరువైనవీ ముందే తీసేసి ఉంచండి. ఇంట్లో తుపాకీ ఉంటే ఇల్లు దాటించేయండి. తాళం వేసి దాచితే సరిపోదు.

తగ్గాక “ఎందుకు కొట్టారు?” అని నిలదీయకండి. ఆయనకి గుర్తుండదు, మీ కోపం ఒక్కటే కనపడుతుంది.

13. అంబులెన్స్‌ని, పోలీసుల్ని పిలవచ్చా?

ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే పిలవాలి. ముందు మీరూ పిల్లలూ ఇంకో గదిలోకో బయటికో వెళ్ళి, ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి. మొదటి వాక్యంలోనే “ఈయనకి డిమెన్షియా ఉంది, ఏం చేస్తున్నారో ఆయనకి తెలియదు” అని చెప్పండి. చేతిలో ఏమైనా ఉందా, వినికిడి తక్కువా, ఏ భాషలో మాట్లాడితే అర్థమవుతుంది అన్నవి కూడా చెప్పండి. సైరన్ వేయకుండా, ఒక్కరే ముందు లోపలికి రమ్మని అడగవచ్చు. వాళ్ళు ఒప్పుకోకపోయినా అడగడంలో తప్పు లేదు.

ఎమర్జెన్సీ వార్డు డిమెన్షియా ఉన్నవాళ్ళకి నరకం లాంటిది. వెలుతురు, చప్పుడు, తెలియని చేతులు. మందుల జాబితా, కళ్ళజోడు, వినికిడి మిషన్, ఆయనకి అలవాటైన దుప్పటి తీసుకెళ్ళండి. తెలిసిన మొహం ఒకటి పక్కనే ఉండనివ్వమని గట్టిగా అడగండి. మంచానికి కట్టేస్తామంటే, మీరు కూర్చుంటామని చెప్పండి. కట్టేస్తే డెలీరియం ఇంకా పెరుగుతుంది.

14. అటెండెంట్లు నిలవడం లేదు. వారం తిరక్కుండానే మానేస్తున్నారు.

కొడతారన్న సంగతి ముందు చెప్పకుండా పెట్టుకుంటే అంతే అవుతుంది. ఏజెన్సీకి ఉన్నది ఉన్నట్టు చెప్పి, డిమెన్షియా కేసులు చూసినవాళ్ళనే అడగండి. “మీదికి వస్తే ఏం చేస్తావమ్మా?” అని ఇంటర్వ్యూలోనే అడగండి. “గట్టిగా పట్టుకుంటానండి” అంటే వద్దు. “పక్కకి జరిగి కాసేపాగి వస్తానండి” అన్న మనిషిని వదులుకోకండి. మొదటి కొన్ని రోజులు మీరు పక్కనుండి, ఆయనకి ఏది నచ్చుతుందో, ఏ మాటంటే మండుతుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆయన ఒంటి మీద కమిలిన గుర్తులున్నాయేమో మాత్రం అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. దెబ్బలు రెండువైపులా పడే అవకాశం ఉంది.

15. మా నాన్నకి అమ్మ మీద అనుమానం. ఎవరో వస్తున్నారంటూ కొట్టబోతున్నారు. ఈ వయసులో ఎవరితో చెప్పుకోవాలి?

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆల్జీమర్స్ అన్న పేరు ఏ కేసు వల్ల వచ్చిందో ఆ కేసు మొదలైందే ఇలా. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ ఆల్జీమర్ చూసిన ఆగస్టే డీటర్‌కి అప్పుడు 51 ఏళ్ళు. ఆవిడలో ముందుగా బయటపడిన లక్షణాల్లో భర్త మీద అనుమానం ఒకటి.

ఋజువులు చూపించి నమ్మించాలని చూడకండి. ఇది సైకియాట్రిస్ట్ చూడాల్సిన లక్షణం. భాగస్వామి మీద అనుమానం దాడికి దారితీయవచ్చు కాబట్టి తొందరగా చూపించాలి. ఈలోగా రాత్రుళ్ళు అమ్మని విడిగా, లోపల గడియ ఉన్న గదిలో పడుకోబెట్టండి. “ముసలి మొగుడి మాటలు పట్టించుకుంటావా” అని ఆవిడనే సర్దుకోమనడం అన్యాయం.

16. అన్నయ్య దూరంగా ఉంటాడు. ఫోన్లో నాన్న బాగానే మాట్లాడుతున్నారు, నువ్వే ఎక్కువ చేస్తున్నావంటాడు.

అయిదు నిమిషాల ఫోన్లో ఎవరైనా బాగానే మాట్లాడతారు. వాదించకుండా మూడు రోజులు వచ్చి ఒంటరిగా చూసుకోమనండి. రాలేకపోతే డాక్టర్‌తో జరిగే మాటల్లో వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. డాక్టర్ నోటి నుంచి వింటే చాలామంది మెత్తబడతారు. మెత్తబడని వాళ్ళ అనుమతి కోసం సాయం అడగడం ఆపకండి.

17. విసిగిపోయి నేనూ ఒకసారి తిరిగి కొట్టాను. ఎవరికీ చెప్పలేదు.

చెప్పండి. ఆ మాట వినగానే మిమ్మల్ని దోషిగా నిలబెట్టే పని డాక్టర్‌ది కాదు. మీ ఓపిక అయిపోయిందని, ఇద్దరికీ ప్రమాదం ఉందని అర్థం చేసుకుని సాయం తొందరగా అందేలా చూస్తారు. ఆ రోజే ఎవరినైనా మీ బదులు కూర్చోబెట్టి, రెండు రాత్రులు ఇంకోచోట నిద్రపోగలరేమో చూడండి.

మీకోసం విడిగా ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఆయన కేసులో భాగంగా కాదు. చూసుకునేవాళ్ళ భారాన్ని కొలవడానికి 22 ప్రశ్నల జరిట్ పట్టిక వాడతారు. మార్కులు కాగితం మీద కనపడితే సోషల్ వర్కర్‌తో మాట్లాడటం తేలికవుతుంది. డే కేర్, కొన్నాళ్ళపాటు సంరక్షణ కేంద్రంలో ఉంచే సదుపాయం గురించి సూటిగా అడగండి. చూసుకునేవాళ్ళకి నేర్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసపోర్ట్ అనే పాఠాలు తయారు చేసింది. ప్రవర్తన మార్పుల మీద అందులో ఒక భాగం ఉంది. తీరిక ఉంటే చదవండి. కానీ మీకు ముందు కావాల్సింది నిద్ర.

18. సంరక్షణ కేంద్రంలో చేర్చేయాల్సిందేనా? చేర్చాక అక్కడ కూడా కొడితే?

ఇంట్లో ఒకరికి గాయాలవుతున్నా, చూసుకునేవాళ్ళ ఆరోగ్యం కూలిపోతున్నా చేర్చడమే మంచిది. దాన్ని వదిలించుకోవడం అనేవాళ్ళు ఒక రాత్రి కాపలా కాసి చూడాలి. చేర్చే ముందు ఆ కేంద్రంలో అడగండి: కొట్టేవాళ్ళని ఇంతకుముందు చూసుకున్నారా, రాత్రిపూట ఎంతమంది ఉంటారు, కట్టేస్తారా, మందులు ఎవరు రాస్తారు, ఏ పరిస్థితిలో తీసుకెళ్ళిపొమ్మంటారు. చివరి ప్రశ్నకి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కొట్టే సంగతి దాచి చేర్చితే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది.

మొదటి కొన్ని వారాలు గొడవ పెరగవచ్చు. కొత్త చోటు కదా. ఆ అలజడి చూసి వెంటనే మందు పెంచేస్తే ఒప్పుకోకుండా కారణం వెతకమనండి.

19. ఇది ఎన్నాళ్ళుంటుంది?

జబ్బు మధ్య దశలో ఎక్కువగా కనిపిస్తుంది. మనిషి నడుస్తాడు, ఒంట్లో బలముంటుంది, లోకం అర్థం కాదు. తర్వాత చాలామందిలో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. నొప్పి, ఇన్ఫెక్షన్, మందు తేడా లాంటి కారణం దొరికితే రోజుల్లో, వారాల్లో కూడా తగ్గవచ్చు. తగ్గాక రెండు పనులున్నాయి. గొడవల రోజుల్లో మొదలుపెట్టిన మందులు ఇంకా అవసరమా అని డాక్టర్‌ని అడగాలి. ఏం చేస్తే తగ్గిందో ఒక నోటుబుక్కులో రాసి, తర్వాత చూసుకునేవాళ్ళకి ఇవ్వాలి.